పెట్రోలు పాయింట్ల సైకిలు

మా వీధి చివర లాండ్రీలో అతన్ని అందరూ డ్రైవరు అనే పిలుస్తారు. ఇస్త్రీ బల్లల దగ్గరివాళ్లు అలాగే పిలుస్తారు, దుప్పట్లు పంపే హోటళ్లవాళ్లూ అలాగే పిలుస్తారు, ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడూ అంతే. అతను నడిపేది వ్యానే కాబట్టి అందులో వింతేమీ లేదు. కాని మధ్యాహ్నం భోజనం దగ్గర మామగారు కూడా, "డ్రైవరుకి ఇంకాస్త కూర వెయ్యమ్మా" అని కూతురితో అంటాడు. ఆ కూతురు అతని పెళ్లాం.

ఒకప్పుడతను అక్కడ జీతానికి చేరిన మాట నిజమే. హోటళ్ల నుంచీ ఆసుపత్రి నుంచీ మాసిన దుప్పట్లు, తువ్వాళ్లు మూటలుగా తేవడం, ఉతికి మడత పెట్టినవి తిరిగి ఇచ్చి రావడం అతని పని. మూటలు మోసుకొచ్చే అతనికీ, వాటిని దించుకునే యజమాని కూతురికీ మధ్య ఏదో కుదిరింది. ఇంట్లో చెప్పకుండా వెళ్లి పెళ్లి చేసుకున్నారు. చేసుకున్నాక వెళ్లడానికి చోటు లేక, వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. తల్లి లేని పిల్ల, తండ్రి ఒంటికాలి మీద లేస్తాడని, ఇద్దర్నీ వీధిలోకి గెంటుతాడని చుట్టుపక్కలవాళ్లు మేడల మీదికెక్కి మరీ ఎదురుచూశారు. ఆయన లేవలేదు. అల్లుణ్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, "లోపలికి రా. ఇంటివాడివయ్యాక ఇంక జీతమేంటి?" అన్నాడు.

ఆ నెల నుంచి జీతం ఆగిపోయింది. వారానికోసారి చేతిఖర్చుకని కొంత ఇస్తాడు. అదీ అతను అడగాలి, నలుగురూ ఉన్నప్పుడే అడగాలి.

"తెలివంటే ఆయనదే," అంటుంది ఇస్త్రీ పిన్ని. ఆవిడ ఆ లాండ్రీలో అందరికంటే పాతమనిషి, నోటికి మూత లేని మనిషి. "ఇంకొకడైతే అల్లుణ్ని బయటికి పంపి పరువు పోగొట్టుకునేవాడు. ఈయన లోపల పెట్టుకుని జీతం మిగుల్చుకున్నాడు."

డ్రైవరు ఆ మాటకు కూడా నవ్వుతాడు. అతనికి నోట్లో నాలుక లేదని అందరూ అంటారు. ఉండేదేమో, ఆ ఇంట్లో దానికి పని పడలేదు. అతన్ని డ్రైవరు అని కాకుండా ఇంకోలా పిలిచేవాళ్లు ఇద్దరే. పెళ్లాం 'ఏయ్' అంటుంది. ఆరేళ్ల కూతురు 'నాన్నా' అంటుంది.

కార్డు సంగతి మామగారి అనుమానంతో మొదలైంది. అంతకుముందు వ్యానులో పెట్రోలుకు డబ్బు చేతికిచ్చేవాడు. అల్లుడు అందులో ఎంతో కొంత నొక్కేస్తున్నాడని ఆయన నమ్మకం. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు, దాంతో నమ్మకం ఇంకా బలపడింది. అప్పుడు బ్యాంకువాడెవరో వచ్చి ఒక క్రెడిట్ కార్డు గురించి చెప్పాడు. పెట్రోలు కొడితే పాయింట్లు వస్తాయి, పాయింట్లకు వస్తువులు వస్తాయి. వాటన్నిటి కంటే ఆయనకు నచ్చింది ఒక్కటే, కార్డు ఎక్కడ గీకినా ఆ క్షణమే యజమాని ఫోనుకు మెసేజి వస్తుంది. ఆయన తన పేర ఒక కార్డు, దాని కిందే అల్లుడి పేర ఇంకో కార్డు తీసుకున్నాడు.

రెండో కార్డును బల్ల మీద పడేసి, "ఇదిగో, ఇక నుంచి నువ్వు ఎక్కడ పోయించావో, ఎంత పోయించావో నాకు ట్రింగుమని తెలిసిపోతుంది" అన్నాడు.

డ్రైవరు ఆ మాట సరిగా విన్నాడో లేదో. కార్డు మీద తన పేరుంది. ఇంటిపేరుతో సహా, ఉబ్బెత్తు అక్షరాలు. వేలితో తడిమితే తగులుతున్నాయి. లాండ్రీ బోర్డు మీద మామగారి పేరుంది, వ్యాను తలుపుల మీదా ఆయన పేరే ఉంది. ఆ కొంపలో తన పేరు అచ్చులో ఉన్న వస్తువు అదొక్కటే. ఆ సాయంత్రం దాన్ని కూతురికి చూపించి ఒక్కో అక్షరం కూడబలికించాడు.

"మొత్తం నీ పేరే నాన్నా!"

"మొత్తం నాదే."

అతని పొరపాటు అక్కడే జరిగిపోయింది. పేరు తనదైతే కార్డు తనదని, కార్డు తనదైతే దానిలో పడే పాయింట్లూ తనవేనని అనుకున్నాడు. పెట్రోలు మామగారిది, బిల్లు కట్టేదీ మామగారే, ఆ వివేకం అతనికి ఉంది. కాని పాయింట్లంటే దారిన పడి దొరికే వాటి లాంటివని, వంగి ఏరుకున్నవాడికే చెందుతాయని అతని లెక్క. ఎవర్నీ అడగలేదు. అడిగితే నవ్వుతారని భయం.

కార్డుతో పాటు రంగుల పుస్తకం ఒకటి వచ్చింది. మిక్సీలు, సూట్‌కేసులు, గోడ గడియారాలు, ఒక్కో బొమ్మ కింద ఇన్ని పాయింట్లని రాసి ఉంది. పాప దాన్ని బోర్లా పడుకుని తిరగేసి, చివరి పేజీలో ఆగింది. ఎర్ర సైకిలు. ముందు బుట్ట, వెనక రెండు పక్కలా చిన్న చక్రాలు. వీధిలో పిల్లలందరికీ సైకిళ్లున్నాయి. తను వాటి వెనకాల పరిగెత్తే పిల్ల.

"ఇది వస్తుందా నాన్నా?"

"వస్తుంది."

"ఎవరు కొంటారు?"

"నేనే."

ఆ 'నేనే' అన్నప్పుడు పెళ్లాం దుప్పటి దులుపుతూ అతని వంక చూసింది. పాప ఆ బొమ్మను కత్తిరించి మంచం పక్కన గోడకు అంటించుకుంది.

వీధి మొగలో బంకు ఉంది. కాని ఆ కార్డుకు మూడింతల పాయింట్లు వచ్చేది ఊరి అవతల, పెద్ద వంతెన దాటాక ఉన్న ఎర్ర బోర్డు బంకులోనే. ఆ సంగతి చెప్పింది అక్కడ పైపు పట్టుకునే అమ్మాయి. మొదటిసారి అటువైపు వెళ్లినప్పుడు మిషనులోంచి వచ్చిన చీటీ చింపి ఇస్తూ, "ఇక్కడే పోయించుకోండన్నా, పాయింట్లు బాగా పడతాయి. వేరేచోట పోయిస్తే ముష్టి పడుతుంది" అంది. అతను ఆ రోజు నుంచి ఇంకెక్కడా పోయించలేదు. చీటీల కింద వచ్చిన పాయింట్లు అచ్చై ఉండేవి. పాప వాటిని కూడడం నేర్చుకుంది. బళ్లో కూడికలు రాక టీచరు చేత తిట్లు తినే పిల్లకు ఈ కూడికలు మాత్రం తప్పయ్యేవి కావు.

ఫోనులో ట్రింగుమన్న మొదటి వారంలోనే మామగారికి అర్థమైంది. సాయంత్రం వ్యాను రాగానే టార్చి లైటు పట్టుకుని దాని మీటరూ, పెట్రోలు ముల్లూ చూడటం ఆయనకు అలవాటు. ఆ రోజు చూసి, దిగి, అందరూ చెయ్యి కడుక్కునే కుళాయి దగ్గరికొచ్చాడు.

"ఎర్ర బోర్డు దాకా ఎందుకు పోయావు?"

"అక్కడ పాయింట్లు ఎక్కువ మామయ్యగారూ."

"ఓహో. పాయింట్లా." ఆయన కాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టాడు. "మంచిదే, పో. కాని అంతదూరం పోయి రావడం నీ సరదా. నీ సరదాకి నేను పెట్రోలు పొయ్యలేను. దానికి ఎక్కువయ్యే పెట్రోలు డబ్బు నీ చేతిఖర్చులో పట్టుకుంటా. సరేనా?"

"సరేనండి."

"చూశారా, ఎంత బుద్ధిమంతుడో," అన్నాడాయన కుళాయి దగ్గరున్న వాళ్లతో. వాళ్లు నవ్వారు.

చేతిఖర్చులో ఇక మిగిలేది దాదాపు ఏమీ లేదు. అతను టీ మానేశాడు. సిగరెట్టు అంతకుముందే మానేశాడు. చెప్పు తెగితే లాండ్రీలో మూటలు కట్టే తాడుతో కుట్టుకున్నాడు.

"ఏంరా, టీకి రావట్లేదు?" అని అడిగింది ఇస్త్రీ పిన్ని. "పాయింట్లు తాగుతున్నావా? చక్కెర వేసుకుని తాగు, లేకపోతే అరగవు."

"పాపకు సైకిలు పిన్నీ."

"సైకిలేంట్రా, ఆయనకు మీసాలు తిప్పుకోవడానికి నువ్వో నూనె సీసావి. అంతే." అని, ఇస్త్రీపెట్టె మీద నీళ్లు చిలకరించింది. అది చుయ్యిమంది. "సరే, వస్తే నన్ను కూడా ఎక్కించి ఒక రౌండు తిప్పమను నీ కూతుర్ని."

ఆ దూరం ఖర్చు తగ్గించడానికి అతను ఒక దారి కనిపెట్టాడు. ఎర్ర బోర్డు బంకుకు వెళ్లాలంటే వంతెన ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఎలాగూ తప్పదు. దిగేటప్పుడు మాత్రం శిఖరం మీదే ఇంజను ఆపేసి, బండిని దాని బరువు మీదే వదిలేసేవాడు. వాలు పొడుగైనది. బండి చప్పుడు లేకుండా జారుకుంటూ వెళ్లి దాదాపు బంకు ముందు దాకా చేరేది. బడి విడిచాక పాప పక్క సీట్లో ఉన్న రోజుల్లో అది వాళ్లిద్దరికీ ఆట అయింది. శిఖరం రాగానే పాప నోటి మీద వేలు పెట్టుకునేది.

"ష్. ఇంజను నిద్రపోతోంది."

"గట్టిగా మాట్లాడకు, లేస్తుంది."

కిటికీలోంచి గాలి ఒక్కటే వినబడేది. కింద బంకు ఎర్ర బోర్డు పెద్దదవుతూ వచ్చేది. పాప గుసగుసగా ఆ రోజు పడబోయే పాయింట్లు ఊహించి చెప్పేది. అతని రోజులో బాగుండే ముక్క అదే.

ఇక్కడొక మాట చెప్పాలి, అతని మీద జాలితో దాటేయకూడదు. ఇంజను ఆగిన బండిలో బ్రేకు పని చేస్తుంది, కాని ఒకటి రెండు తొక్కుళ్ల వరకే మెత్తగా పని చేస్తుంది. పెడలు మీద మన కాలికి తోడుగా పనిచేసే బలం ఇంజను గాలిని లాగడం వల్ల పుడుతుంది. ఇంజను ఆగితే మిగిలినది కాస్తా వాడేసుకుని, ఆ తర్వాత పెడలు రాయిలా బిగుసుకుంటుంది. అడ్డంగా ఒక కుక్క వచ్చినా చాలు. వెనక దుప్పట్ల బరువు, పక్కన బెల్టు లేని సీట్లో ఆరేళ్ల పిల్ల. చిన్నపిల్లలున్న ఎవరికైనా ఇది తలచుకుంటే అరచేతులకు చెమటలు పడతాయి. అతనికీ పిల్ల ఉంది. ఆ పిల్ల కోసమే ఆ పని చేశాడు.

ఏ ప్రమాదమూ జరగలేదు. వాన కాలం పోయింది, చలి పోయింది, మళ్లీ ఎండలు ముదిరాయి. చీటీల కట్ట రబ్బరు బ్యాండుకు లొంగకుండా లావెక్కింది. ఒక రోజు పాప కూడిక ముగించి, పెన్సిలు పక్కన పెట్టి, "నాన్నా, అయిపోయింది. సైకిలుకి సరిపోయాయి" అంది. అతను మళ్లీ కూడాడు. పాప లెక్క సరైనదే.

అప్పటికప్పుడు బంకు పక్కన వ్యాను ఆపి బ్యాంకుకు ఫోను చేశాడు. పాప వినాలని స్పీకరు పెట్టాడు. అది నొక్కండి, ఇది నొక్కండి అయ్యాక ఒకమ్మాయి గొంతు వచ్చింది. అతను గొంతు సవరించుకుని, తన పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, సైకిలు కావాలన్నాడు.

"సర్, మీది యాడ్ ఆన్ కార్డండి."

"అంటే ఏంటండి?"

"మెయిన్ కార్డు కింద ఇచ్చిన కార్డు. మీరు వాడిన దానికి వచ్చే పాయింట్లన్నీ మెయిన్ కార్డు ఖాతాలోకే వెళ్తాయి. వాడుకోవాలంటే వాళ్లే వాడుకోవాలి."

"కాదండీ, కార్డు మీద పేరు నాదే. చదవమంటారా?"

"పేరు మీదే సర్. ఖాతా మీది కాదు."

అతను కార్డును వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. "పోనీ, ఎన్ని ఉన్నాయో అయినా చెప్తారా?"

"ఆ వివరాలు మెయిన్ కార్డువాళ్లకే చెప్పగలం సర్."

"సైకిలు ఎప్పుడొస్తుందో అడుగు నాన్నా," అంది పాప. ఆ మాట అవతలికి వినబడింది. ఆ అమ్మాయి కాగితం మీద రాసుకున్నది చదివినట్టు, "మాకు కాల్ చేసినందుకు ధన్యవాదాలు. మా సేవ మీకు ఎంత నచ్చిందో ఒకటి నుంచి ఐదు లోపు నొక్కి చెప్పండి" అంది.

పాప ఐదు నొక్కింది.

ఆ సాయంత్రం దుప్పట్లు మడత పెట్టే గదిలో పెళ్లాంతో చెప్పాడు. ఆవిడ దుప్పటి ఒక కొస అతని చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని మడుస్తోంది.

"నాన్ననేమీ అడక్కు," అంది.

"పాయింట్లే కదా. డబ్బు కాదుగా. పాప కోసమంటే ఎందుకు కాదంటాడు?"

"అడక్కని చెప్తున్నా. నీకే మంచిది కాదు."

"పాపకు మాటిచ్చాను."

"అదే నీతో వచ్చిన చిక్కు. నాకూ ఇచ్చావు." ఆవిడ మడత పూర్తి చేసి, అతని చేతిలోని కొసను కూడా లాక్కుని, దొంతి మీద పెట్టి వెళ్లిపోయింది.

అతను మర్నాడు భోజనాల దగ్గరే అడిగాడు. పొద్దున్నుంచి వ్యాను నడుపుతూ మాటలు కూర్చుకున్నాడు. బల్ల చుట్టూ మామగారు, పెళ్లాం, పాప ఉన్నారు. ఏదో బిల్లు అడగడానికొచ్చిన ఇస్త్రీ పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. అతను మొదలుపెట్టాడు. ఎర్ర బోర్డు బంకు, మూడింతలు, ఏడాది పాటు, పాప, సైకిలు. మామగారు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. తల ఊపుతూ, మధ్యలో 'ఊఁ, ఊఁ' అంటూ చివరిదాకా విన్నాడు. అంత శ్రద్ధగా తన మాట ఎవరైనా వినడం డ్రైవరుకి అలవాటు లేదు. ముఖంలో వెలుగు వచ్చింది. పాప తండ్రి చొక్కా అంచు పట్టుకుని తాత వంకే చూస్తోంది.

"అయిందా?" అన్నాడు మామగారు. "తిను. తిన్నాక కౌంటరు వెనక గదిలో ఒక పెట్టె ఉంది, పట్టుకురా. జాగ్రత్త, బరువుంటుంది."

అతను సగంలోనే లేచి వెళ్లాడు. సైకిలు విడిభాగాలుగా పెట్టెలో వస్తుందని అతను విన్నాడు. పాప వెనకాలే గెంతుతూ వెళ్లింది. ఇద్దరూ పెట్టెను తెచ్చి నేల మీద పెట్టారు. మామగారు కూరగాయల కత్తి ఇప్పించాడు. టేపు కోసిందీ డ్రైవరే. లోపల నల్లగా, గుండ్రంగా, రెండు కాళ్లు దూర్చుకునే కన్నాలతో ఏదో ఉంది.

"కాళ్లు పిసికే మిషను," అన్నాడు మామగారు. "ఆ ప్లగ్గు పెట్టు."

అతను ప్లగ్గు పెట్టాడు. మామగారు కుర్చీ జరుపుకుని అందులో కాళ్లు దూర్చాడు. అది గుర్రుమంది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఆహా. ఇది ఎక్కడిదో తెలుసా? నువ్వు తెచ్చిందే. ఏడాది పాటు నాకోసం వంతెన దాటి వెళ్లి వచ్చావు. సొంత కొడుకు కూడా ఇంత చెయ్యడు."

గుమ్మంలోంచి ఇస్త్రీ పిన్ని, "ఇంకేం, కాళ్లు నొక్కే పని కూడా తప్పింది నీకు" అంది. అలవాటు కొద్దీ వచ్చిన మాట. అన్నాక ఆవిడే తల పక్కకు తిప్పుకుంది.

డ్రైవరు పెళ్లాం వంక చూశాడు.

"పాయింట్లిచ్చి దీన్ని తెప్పించింది నేనే," అంది ఆవిడ. "ఫోనులో నాన్నకు రాదు కదా. నొక్కమన్నాడు, నొక్కాను."

"పాప సైకిలు సంగతి నీకు తెలుసుగా."

"తెలుసు. నీతో చెప్తే ఏం చేసేవాడివి?"

అతను మామగారి వైపు తిరిగి, "కార్డు మీద పేరు నాది కదా మామయ్యగారూ" అన్నాడు. అది అతని దగ్గర మిగిలిన ఆఖరి మాట.

మామగారు కళ్లు తెరిచాడు. "వ్యాను ఎవరిది?"

"మీదే."

"అందులో పెట్రోలు?"

"మీదే."

"తింటున్న అన్నం? సరే, దాని జోలికి వద్దులే, పిల్ల ఉంది. పేరు నీదే, ఎవరు కాదన్నారు? పేరు నువ్వే ఉంచుకో."

పాపకు ఏడుపు ముంచుకొచ్చింది. తండ్రిని తాత తిడుతున్నాడని మాత్రం తెలిసింది. నాన్న ఎంత కష్టపడ్డాడో తెలిస్తే తాత ఊరుకుంటాడనుకుంది పాపం. ముక్కు చీదుతూ, "మా నాన్న రోజూ ఇంజను నిద్రపుచ్చి పాయింట్లు దాచాడు తాతా! పెట్రోలు అయిపోకుండా! వంతెన మీద నుంచి మేమిద్దరం ఇంజను లేకుండానే దిగుతాం!" అంది.

మిషను గుర్రుమంటూనే ఉంది. మామగారు మెల్లగా కాళ్లు బయటికి తీశాడు. ఆయన ముఖంలో అప్పటిదాకా ఉన్న ఆట పోయింది. ఈసారి వచ్చింది నిజమైన కోపం, దాని కింద నిజమైన భయం.

"పిల్లని పక్కన కూర్చోబెట్టుకునా?"

డ్రైవరు వంగి ఖాళీ పెట్టె మూతలు మూయబోయాడు.

"అడుగుతున్నా. పిల్లని పక్కన పెట్టుకుని, ఇంజను ఆపి, వంతెన మీద నుంచి దొర్లించావా?"

"మెల్లగానే మామయ్యగారూ..."

పెళ్లాం లేచి వచ్చి పాపను అతని దగ్గర్నుంచి లాగి తన ఒడిలో పెట్టుకుంది. ఆ లాగడంలో ఉన్న బలం అతనికి మామగారి మాటలన్నిటి కంటే గట్టిగా తగిలింది. ఆవిడ పాప తలను, భుజాలను తడిమి చూసుకుంటోంది, ప్రమాదం అప్పుడే జరిగినట్టు.

"మనిషివేనా నువ్వు?" అంది.

ఆ ఒక్క విషయంలో వాళ్ల మాటలో న్యాయం ఉంది. అది అతనికీ అప్పుడే తెలిసినట్టుంది, బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. మామగారు చెయ్యి చాపాడు. అతను వ్యాను తాళాలు ఇచ్చాడు. చెయ్యి ఇంకా చాచే ఉంది. కార్డూ ఇచ్చాడు. మామగారు పెట్టె కోసిన కత్తి చూసి, అది పనికిరాదని దుప్పట్ల అంచులు కత్తిరించే పెద్ద కత్తెర తెప్పించి కార్డును రెండుగా కత్తిరించాడు. పేరున్న ముక్కను అల్లుడి చొక్కా జేబులో వేశాడు.

"ఉంచుకోమన్నాగా."

మర్నాటి నుంచి వ్యాను నడపడానికి జీతానికి ఇంకొకడు వచ్చాడు. అతన్ని అందరూ 'తమ్ముడూ' అని పిలవడం మొదలుపెట్టారు, ఎందుకంటే డ్రైవరన్న పేరు అప్పటికే ఒకరికి ఉంది. డ్రైవింగు పోయినవాడిని ఆరబెట్టే యంత్రాల గదిలో వేశారు. కిటికీ లేని గది. వేడి గాలిలో దుప్పట్లు తిరుగుతుంటే వాటి నూగు రేగి జల్లెడలో పేరుకుంటుంది. దాన్ని పూట పూటకూ గీకి తీయకపోతే యంత్రం కాలిపోతుంది. గీకడానికి గోళ్లు సరిపోవు, రేకైతే జల్లెడ చిరుగుతుంది. గట్టి ప్లాస్టిక్కు ముక్క కావాలి. అతను జేబులో చెయ్యి పెట్టాడు. దానికి ఆ ముక్క సరిగ్గా సరిపోయింది. గీకుతుంటే ఉబ్బెత్తు అక్షరాలు బొటనవేలికి తగిలేవి. కొన్నాళ్లకు అరిగి తగలడం మానేశాయి.

కార్డు కత్తిరించిన ఆ వారం ఆదివారానికే సైకిలు వచ్చింది. మామగారు బజారుకు వెళ్లి, చొక్కా జేబులోంచి డబ్బు తీసి కొనుక్కొచ్చాడు. అంత సులువైన పని అది. ఎరుపే. ముందు బుట్ట ఉంది. గోడకు అంటించిన బొమ్మ పక్కన నిలబెట్టి చూపిస్తే పాప బొమ్మను, సైకిలును మార్చి మార్చి చూసి, తాత మెడ పట్టుకుని ఊగింది. వెనక చిన్న చక్రాలు మాత్రం లేవు. "చక్రాలెందుకు, పట్టుకోవడానికి మీ నాన్న లేడూ? ఖాళీగానే ఉన్నాడు," అన్నాడు మామగారు.

డ్రైవర్ని పిలిచారు. జుట్టు నిండా, కనుబొమ్మల నిండా తెల్లటి నూగుతో వచ్చాడు. ఎండకు కళ్లు చికిలించాడు. పాప అతన్ని చూసి నవ్వింది.

"తాతయ్య కొన్నాడు నాన్నా!"

"బాగుంది తల్లీ."

"చేతులు కడుక్కుని పట్టుకో. నా సీటుకి మట్టి అంటుతుంది."

అతను కుళాయి దగ్గరికి వెళ్లి కడుక్కుని వచ్చాడు. పాప ఎక్కింది. సీటు వెనక భాగం పట్టుకుని, నడుం వంచి, లాండ్రీ ముందు నుంచి వీధి మొగ దాకా, అక్కణ్నుంచి వెనక్కి, పరిగెత్తడం మొదలుపెట్టాడు. తాడుతో కుట్టిన చెప్పు మాటిమాటికీ ఊడుతుంటే తీసి పక్కకు విసిరేశాడు. ఇస్త్రీ గదివాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. మామగారు వరండాలోకి కుర్చీ వేయించుకున్నాడు. కాళ్ల మిషనుకు పొడుగు వైరు వేయించుకున్నాడు. పెళ్లాం కౌంటరు కిటికీలోంచి చూస్తోంది.

"డ్రైవరూ, కాస్త వేగం పెంచు!" అని అరిచాడు మామగారు. "ఇంజను నిద్రపోతోందా ఏంటి?"

అందరూ గొల్లుమన్నారు. పాప కూడా నవ్వింది. అది తన మాట, తను చెబితే తాత నేర్చుకున్న మాట, ఇంతమందిని నవ్వించింది. ఆ పిల్లకు సంబరం పట్టలేదు. మలుపు తిరిగి వస్తూ తాతకు వినబడేలా తనూ అరిచింది.

"డ్రైవరూ, వేగం పెంచు! డ్రైవరూ!"

నవ్వు ఇంకా పెద్దదైంది. ఇస్త్రీ పిన్ని ఒక్కతే లోపలికి వెళ్లిపోయింది. అతను పరిగెత్తుతూనే ఉన్నాడు. తల వంచి ఉండటంతో ముఖం ఎవరికీ కనబడలేదు. సైకిలు ఊగడం తగ్గింది. హ్యాండిలు నిలబడింది. అతని చేతి కింద సీటు తేలికైంది. పిల్లకు వచ్చేసిందని అతనికి పిల్ల కంటే ముందే తెలిసింది. అయినా పట్టుకునే ఉన్నాడు.

"వదిలెయ్ డ్రైవరూ," అంది పాప, వెనక్కి చూడకుండా. "నాకొచ్చేసింది."

అతను వదిలేశాడు.